యాంటీ థైరోగ్లోబ్యులిన్ యాంటీబాడీలు ఉన్నప్పుడు మాస్ స్పెక్ట్రోమీటర్ ఇచ్చే థైరోగ్లోబ్యులిన్ అంకెను ఎంతవరకు నమ్మవచ్చు?

ప్రశ్న: కృష్ణాతీరం

అందరికీ నమస్కారం. మా అక్కకు 41 ఏళ్లు. రెండేళ్ల క్రితం ఆమెకు పాపిల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ అని తేలడంతో గ్రంథిని పూర్తిగా తొలగించి, ఆ తరువాత రేడియో అయోడిన్ కూడా ఇచ్చారు. అప్పటి నుంచి ఆరు నెలలకొకసారి రక్తంలో థైరోగ్లోబ్యులిన్ (థైరాయిడ్ కణాలు మాత్రమే తయారు చేసే ప్రోటీన్; గ్రంథి తీసేశాక కూడా ఇది కనిపిస్తే వ్యాధి మిగిలిందేమోనని అనుమానిస్తారు) పరీక్ష చేయిస్తున్నాం. మొన్న వచ్చిన నివేదికలో ఆ విలువ మిల్లీలీటరుకు 0.1 నానోగ్రాము కంటే తక్కువ అని ఉండటంతో ఇంటిల్లిపాదీ సంతోషించాం. కానీ అదే కాగితం మీద కింది వరుసలో యాంటీ థైరోగ్లోబ్యులిన్ (ఆ ప్రోటీన్‌కు విరుద్ధంగా శరీరమే తయారు చేసుకునే యాంటీబాడీలు) 310 అని ముదురు అక్షరాల్లో ఉంది. డాక్టరు గారు ఆ రెండో అంకె మీద వేలు పెట్టి, ఇది ఇలా ఉన్నంత కాలం పై అంకెను నమ్ముకోవడానికి లేదని చెప్పారు. విదేశాల్లో ఇటువంటి వారికి అణువులను విడదీసే లిక్విడ్ క్రొమటోగ్రఫీ, వాటి బరువు చూసే మాస్ స్పెక్ట్రోమెట్రీ కలిపిన పద్ధతిలో ఇదే ప్రోటీన్‌ను కొలుస్తారని కూడా అన్నారు గానీ, బయట వరుసలో చాలా మంది వేచి ఉండటంతో అంతకు మించి అడగలేకపోయాను.

నేను బీఎస్సీలో కెమిస్ట్రీ చదివి, ప్రస్తుతం బ్యాంకులో పని చేస్తున్నాను. కాబట్టి కొంత లోతుగా చెప్పినా అర్థం చేసుకోగలను. రక్తం అదే, అందులోని ప్రోటీన్ అదే అయినప్పుడు, కొలిచే యంత్రం మారినంత మాత్రాన ఫలితం ఎందుకు మారాలి? ఇప్పుడు చేస్తున్న పరీక్షను తప్పుదారి పట్టిస్తున్న యాంటీబాడీలు ఆ యంత్రాన్ని మాత్రం ఎందుకు అడ్డుకోవు? అన్నిటికంటే ముఖ్యంగా, ఆ యంత్రం కూడా సున్నా అని చెబితే మేము నిశ్చింతగా ఉండవచ్చా? తెలిసినవారు వివరించగలరని ఆశిస్తున్నాను.

జవాబు: పిపెట్టు

కృష్ణాతీరం గారూ, నేను కొన్నేళ్లుగా అమెరికాలో ఒక క్లినికల్ మాస్ స్పెక్ట్రోమెట్రీ ప్రయోగశాలలో పని చేస్తున్నాను. మీ మొదటి ప్రశ్నకు జవాబు మీ చేతిలో ఉన్న నివేదిక ఎలా తయారైందో తెలుసుకుంటే దొరుకుతుంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

మామూలుగా చేసే పరీక్షను ఇమ్యునోఅస్సే అంటారు. ఇందులో కిట్‌తో వచ్చే రెండు యాంటీబాడీలు థైరోగ్లోబ్యులిన్‌ను రెండు చోట్ల పట్టుకుంటాయి. మొదటిది దాన్ని కదలకుండా ఒకచోట నిలబెడితే, రెండోది వెలుగునిచ్చే గుర్తును తెచ్చి తగిలిస్తుంది. రెండు పట్లూ కుదిరినప్పుడే వెలుగు వస్తుంది, ఆ వెలుగును బట్టే ప్రోటీన్ ఎంత ఉందో లెక్క కడతారు. మీ అక్కగారి శరీరం తయారు చేసిన యాంటీబాడీలు అప్పటికే ఆ ప్రోటీన్‌ను కప్పేసి ఉంటే, కిట్‌లోని యాంటీబాడీలకు పట్టు దొరకదు. గొట్టంలో ప్రోటీన్ ఉన్నా వెలుగు రాదు, కాబట్టి అంకె తక్కువగా వస్తుంది. ఈ కోవకు చెందిన థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవారిలో సుమారు నాలుగో వంతు మందిలో ఈ యాంటీబాడీలు కనిపిస్తాయి కనుక ఇది అరుదైన ఇబ్బందేమీ కాదు.

మాస్ స్పెక్ట్రోమీటర్ పద్ధతి మొదలయ్యే తీరే వేరు. ఇక్కడ ప్రోటీన్‌ను చెక్కుచెదరకుండా పట్టుకోవాలని ప్రయత్నించం. మొట్టమొదట దాన్ని ముక్కలు చేస్తాం. సీరంలోని (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) ప్రోటీన్‌ల మడతలు విప్పి, వాటిలోని గంధకపు బంధాలను తెంచి, మళ్లీ అతుక్కోకుండా చేసి, ఆపైన ట్రిప్సిన్ కలిపి 37 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచుతాం. మన పేగులో మాంసకృత్తులను అరిగించే ట్రిప్సిన్ ఇదే. ప్రోటీన్ గొలుసులో లైసీన్, ఆర్జినీన్ అనే అమైనో ఆమ్లాలు ఎక్కడెక్కడ వస్తాయో వాటి పక్కనే ఇది కత్తిరిస్తుంది. వెంటనే ప్రోలీన్ వచ్చిన చోట మాత్రం వదిలేస్తుంది. ఎక్కడ తెగుతుందో ముందే తెలుసు కాబట్టి ఏ ప్రోటీన్ నుంచి ఏయే ముక్కలు రావాలో కాగితం మీదే రాసుకోవచ్చు. మీ రెండో ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. అడ్డుపడుతున్న యాంటీబాడీ కూడా ఒక ప్రోటీనే, కాబట్టి థైరోగ్లోబ్యులిన్‌తో పాటు అదీ అదే గొట్టంలో ముక్కలైపోతుంది. ఆ ముక్కలకు ఇక దేన్నీ కప్పే శక్తి ఉండదు.

థైరోగ్లోబ్యులిన్ చాలా పెద్ద ప్రోటీన్. ఒక్కొక్కటి సుమారు 2,750 అమైనో ఆమ్లాలున్న రెండు ఒకేలాంటి గొలుసులు కలిసి 660 కిలోడాల్టన్‌ల బరువు తూగుతాయి. దాని నుంచి వచ్చే ఎన్నో ముక్కల్లో మరే మానవ ప్రోటీన్‌లోనూ లేని ఒకటి రెండింటిని ఎంచుకుని వాటినే కొలుస్తాం. ఎక్కువగా వాడే ముక్కలో 14 అమైనో ఆమ్లాలు ఉంటాయి. ఒంటి అక్షరాల సంకేతంలో చెబితే ఎఫ్, ఎస్, పి, డి, డి, ఎస్, ఎ, జి, ఎ, ఎస్, ఎ, ఎల్, ఎల్, ఆర్. ఇందులో సులువుగా ఆక్సీకరణం చెందే మెథియోనీన్ లేదు, సిస్టీన్ లేదు, చక్కెర గొలుసులు తగులుకోవడానికి కావలసిన ఆస్పరజీన్ కూడా లేదు. మనిషి మనిషికీ, నమూనా నమూనాకూ బరువు మారని ముక్క కావాలి కాబట్టి ఈ ఎంపికకు చాలా విలువ ఉంది.

ఆ ముక్కను సీ18 కాలమ్ అనే, అణువులను విడదీసే సన్నని గొట్టం గుండా పంపుతాం. నీటిలో అసిటోనైట్రైల్ పాలు మెల్లగా పెంచుతూ పోతే, ఒక్కో పెప్టైడ్ (ప్రోటీన్ ముక్క) తన స్వభావాన్ని బట్టి ఒక్కో నిమిషంలో బయటకు వస్తుంది. మన ముక్క బయటకు వచ్చే చోట విద్యుత్ క్షేత్రంలో సన్నని తుంపరగా మారి ఆవేశాన్ని పొందుతుంది. ఎలక్ట్రోస్ప్రే అనే ఈ ఉపాయంతో ప్రోటీన్‌ల వంటి పెద్ద అణువులను కొలవవచ్చని చూపినందుకే జాన్ ఫెన్‌కు 2002లో రసాయన శాస్త్ర నోబెల్‌లో భాగం దక్కింది. యంత్రం చూసేది బరువును ఆవేశాల సంఖ్యతో భాగిస్తే వచ్చే విలువను కాబట్టి, రెండు ధనావేశాలతో మన ముక్క 703.85 అనే స్థానంలో కనిపిస్తుంది. యంత్రంలో క్వాడ్రపోల్‌లనే మూడు గదులు వరుసగా ఉంటాయి. మొదటిది ఆ ఒక్క విలువనే లోపలికి వదులుతుంది, రెండో దానిలో ముక్క వాయువు అణువులను ఢీకొని విరిగిపోతుంది, విరిగిన తునకల్లో ముందే నిర్ణయించుకున్న రెండు మూడింటిని మాత్రమే మూడోది దాటనిస్తుంది. సరైన నిమిషంలో, సరైన బరువుతో వచ్చి, విరిగినప్పుడు సరైన నిష్పత్తిలో తునకలిచ్చిన దాన్ని మాత్రమే థైరోగ్లోబ్యులిన్ ముక్కగా ఒప్పుకుంటాం.

ఇక ఎంత ఉందో తేల్చడానికి, అదే ముక్కను చివరి ఆర్జినీన్‌లో బరువైన కార్బన్, నైట్రోజన్ ఐసోటోపులు పెట్టి కృత్రిమంగా తయారు చేయించి, ప్రతి నమూనాలోనూ తెలిసిన మోతాదులో కలుపుతాం. ఇది అసలు ముక్క కంటే 10 డాల్టన్‌లు బరువు. రెండు ఆవేశాలున్నాయి కాబట్టి 708.85 దగ్గర కనిపిస్తుంది. కాలమ్‌లో రెండూ కవల పిల్లల్లా ఒకేసారి బయటకు వస్తాయి, దారిలో ఏ నష్టం జరిగినా రెండింటికీ సమానంగా జరుగుతుంది, యంత్రం మాత్రం వాటిని విడివిడిగా గుర్తిస్తుంది. రెండింటి నిష్పత్తి నుంచే మనకు కావలసిన అంకె వస్తుంది.

అసలు కష్టం ఎక్కడుందంటే, ఒక మిల్లీలీటరు సీరంలో అన్ని ప్రోటీన్‌లూ కలిపి దాదాపు 70 మిల్లీగ్రాములు, అంటే 7 కోట్ల నానోగ్రాములు ఉంటాయి. మనం వెతికేది అందులో ఒక్క నానోగ్రాము, ఒక్కోసారి అంతకంటే తక్కువ. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి రాష్ట్ర జనాభా సుమారు 8 కోట్ల 46 లక్షలని గుర్తు చేసుకుంటే, శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా ఉన్న జనమంతటిలో ఒక్క మనిషిని వెతికినంత పని అని అర్థమవుతుంది. ఆ జనంలో సగానికి పైగా ఆల్బుమిన్ ఒక్కటే. అందుకని ముక్కలు చేసిన తరువాత, మనకు కావలసిన పెప్టైడ్‌ను మాత్రమే పట్టుకునే యాంటీబాడీని అయస్కాంత పూసల మీద అంటించి, దాన్ని ఆ మిశ్రమంలో నుంచి పైకి లాగి, కడిగి, ఆమ్లంతో విడిపించి, అప్పుడు కాలమ్‌కు పంపుతాం. సిస్కాపా అనే పేరుతో లీ ఆండర్సన్ బృందం 2004లో ఈ దారి చూపగా, సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఆండ్రూ హూఫ్‌నేగిల్ బృందం 2008లో థైరోగ్లోబ్యులిన్‌కు దాన్ని అమలు చేసి చూపింది.

మీ మూడో ప్రశ్న వైద్యానికి సంబంధించినది కనుక వైద్యులు చెబితేనే బాగుంటుంది.

జవాబు: బొల్లారం బెంచి

పిపెట్టు గారి వివరణలో తప్పు పట్టడానికి ఏమీ లేదు గానీ, చదివినవారికి ఈ పద్ధతి దోషరహితమన్న అభిప్రాయం కలిగితే ప్రమాదం. నేను హైదరాబాద్ శివార్లలో మందుల బయోఈక్వివలెన్స్ (రెండు కంపెనీల మందు రక్తంలోకి ఒకేలా చేరుతుందా అని చూసే) అధ్యయనాలకు నమూనాలు పరీక్షించే చోట 12 ఏళ్లుగా ఇదే రకం యంత్రం మీద పని చేస్తున్నాను. రక్తంలో మాత్రల మందును కొలవడానికీ ప్రోటీన్‌ను కొలవడానికీ యంత్రం ఒకటే అయినా, పని అసలు ఒకటి కాదు.

ముందు చిన్న లెక్క చూడండి. 300 డాల్టన్‌ల మందు మిల్లీలీటరులో ఒక నానోగ్రాము ఉందంటే మాకు అది సులువైన పని. థైరోగ్లోబ్యులిన్ కూడా ఒక నానోగ్రామే ఉందనుకుందాం. దాని బరువు 2,200 రెట్లు ఎక్కువ కాబట్టి అదే ఒక నానోగ్రాములో అణువుల సంఖ్య 2,200 రెట్లు తక్కువ. ఒక్కో అణువు నుంచి ముక్కలు రెండు వస్తాయని ఊరట చెందినా, ట్రిప్సిన్ నూటికి నూరు పాళ్లు పని చేసినా, చివరికి కాలమ్ మీదకు ఎక్కించడానికి మిగిలేది దాదాపు 4 పికోగ్రాముల పెప్టైడ్ మాత్రమే. ఆ నాలుగింటిలోనూ కొంత గొట్టం గోడకు అంటుకుంటుంది, కొంత పిపెట్ టిప్‌లో ఉండిపోతుంది.

రెండో సంగతి బరువైన ముక్క గురించి. మందుల పరీక్షలో ఐసోటోపు ప్రమాణాన్ని ప్లాస్మాలో మొదటే కలిపేస్తాం కనుక మొదటి నుంచి చివరి దాకా జరిగే ప్రతి నష్టానికీ అది సాక్షిగా ఉంటుంది. ప్రోటీన్ విషయంలో మీరు కలిపేది అప్పటికే ముక్కగా ఉన్న పదార్థం. అసలు ప్రోటీన్ ఎంత మేరకు తెగింది, ఎంత తెగకుండా మిగిలిపోయింది అన్నది ఆ ముక్కకు తెలిసే అవకాశమే లేదు. ముఖ్యమైన అంకమంతా అయిపోయాక వచ్చి కూర్చున్న సాక్షి అది.

ఇందులో నా సొంత అనుభవం కూడా ఉంది. ఇంతకుముందు పని చేసిన ఒక చోట సీరంలోని వేరే ప్రోటీన్‌కు ఇటువంటి పద్ధతినే తయారు చేశాం. నాలుగు నెలలు చక్కగా నడిచింది. కొత్త బ్యాచ్ ట్రిప్సిన్ సీసా తెరిచిన రోజు నుంచి సీరంలో తయారు చేసుకున్న క్వాలిటీ కంట్రోల్ నమూనాలు మూడో వంతు తక్కువ చూపడం మొదలుపెట్టాయి. బరువైన ముక్క సంకేతం మాత్రం రోజూ ఒకే ఎత్తులో ఉండటంతో యంత్రాన్ని అనుమానించి, సోర్స్ శుభ్రం చేసి, కాలమ్ మార్చి మూడు వారాలు వృథా చేశాం. చివరికి తేలింది ఏమిటంటే, మా కాలిబ్రేషన్ ప్రమాణాలను (అంకె సరిచూసుకోవడానికి తెలిసిన మోతాదుతో చేసే నమూనాలు) సీరంలో కాకుండా శుభ్రమైన బఫర్ ద్రావణంలో తయారు చేసుకున్నాం. కొత్త ట్రిప్సిన్ బఫర్‌లోని ప్రోటీన్‌ను బాగానే కత్తిరించింది. 7 కోట్ల జనం ఉన్న సీరంలో దాని బలం చాలలేదు. ఆ తప్పు మాదే, ట్రిప్సిన్‌ది కాదు.

మరొకటి. ఆ 14 అమైనో ఆమ్లాల్లో ఏ ఒక్కటైనా జన్యుపరమైన తేడా వల్ల మారి ఉన్న మనిషి వస్తే ముక్క బరువు మారిపోతుంది, 703.85 దగ్గర సంకేతం తగ్గిపోతుంది. ఆ మనిషి రక్తంలో థైరోగ్లోబ్యులిన్ ఎంత ఉన్నా నివేదికలో తక్కువే కనిపిస్తుంది. యాంటీబాడీ పరీక్ష చేసే తప్పునే ఈ యంత్రం కూడా వేరే దారిలో చేయగలదన్న మాట.

జవాబు: పిపెట్టు

బొల్లారం బెంచి గారూ, మీరు లేవనెత్తిన అభ్యంతరాలన్నీ ఒప్పుకుంటున్నాను. మీ ట్రిప్సిన్ అనుభవం వంటిది ఈ రంగంలో పని చేసే దాదాపు ప్రతి ఒక్కరికీ ఏదో ఒక రూపంలో ఎదురవుతుంది. ఆసుపత్రి నమూనాలకు వాడే పద్ధతుల్లో దీనికి తీసుకునే జాగ్రత్తలు చెబుతాను.

కాలిబ్రేషన్ ప్రమాణాలను తెలిసిన మోతాదులో మొత్తం ప్రోటీన్ కలిపిన సీరంలోనే తయారు చేసి, రోగుల నమూనాలతో పాటు అదే పళ్లెంలో, అదే ట్రిప్సిన్‌తో, అంతే సేపు ముక్కలు చేయాలి. అప్పుడు ట్రిప్సిన్ మందగించినా రెండు వైపులా ఒకేలా మందగిస్తుంది. మనిషి సీరంలో కొంత థైరోగ్లోబ్యులిన్ ఎలాగూ ఉంటుంది కాబట్టి, మన ముక్క లేదని నిర్ధారించుకున్న వేరే జీవి సీరాన్ని ఇందుకు వాడుకోవచ్చు. ప్రోటీన్ విలువను యూరప్ వారి బీసీఆర్ 457 అనే ప్రామాణిక పదార్థానికి ముడిపెడతారు. ఇమ్యునోఅస్సేలకు కూడా ఆధారం అదే కావడంతో కనీసం తూకపు రాయి ఒకటే అవుతుంది. బరువైన ముక్క విషయానికి వస్తే, దానికి రెండు వైపులా అసలు ప్రోటీన్‌లో ఉండే మరికొన్ని అమైనో ఆమ్లాలను తోకల్లా ఉంచి తయారు చేయించుకుంటే, ట్రిప్సిన్ దాన్ని కూడా కత్తిరించాల్సి వస్తుంది. మొత్తం ప్రోటీన్‌నే ఐసోటోపులతో తయారు చేసుకోగలిగితే ఇంకా మేలు గానీ, ఇంత పెద్ద ప్రోటీన్‌కు అది మాటల్లో అయ్యే పని కాదు.

జన్యు తేడాల సంగతికి, ఒకే ముక్క మీద ఆధారపడకుండా గొలుసులో దూరంగా ఉన్న రెండో ముక్కను కూడా కొలిచి, రెండింటి అంకెలు పొసగకపోతే నివేదికను ఆపేయాలి.

ముక్కలను లెక్కపెట్టి ప్రోటీన్‌ను కొలవడం ఏదో ప్రయోగశాలల్లో ఆడుకునే ఆట అని మాత్రం ఎవరూ అనుకోవద్దు. మన ఇళ్లలో షుగర్ ఉన్నవారంతా మూడు నెలలకొకసారి చేయించుకునే హెచ్‌బీఏ1సీ పరీక్షకు అంతర్జాతీయ ప్రామాణిక పద్ధతి ఇదే. హిమోగ్లోబిన్ బీటా గొలుసు చివరన ఉండే ఆరు అమైనో ఆమ్లాల తునకను గ్లూసీ అనే మరో ఎంజైమ్‌తో కత్తిరించి, గ్లూకోజ్ అంటుకున్న తునకలు ఎన్ని, అంటుకోనివి ఎన్ని అని మాస్ స్పెక్ట్రోమీటర్‌తోనో కేపిల్లరీ ఎలక్ట్రోఫోరెసిస్‌తోనో లెక్కిస్తారు. అంతర్జాతీయ క్లినికల్ కెమిస్ట్రీ సమాఖ్య 2002లో ఆమోదించిన పద్ధతి అది. మీ వీధి చివర ల్యాబ్‌లో ఆ యంత్రం ఉండదు, నిజమే. కానీ అక్కడి యంత్రాన్ని సరిచూసే ప్రమాణాల గొలుసు చివరికి ఆ ఆరు అమైనో ఆమ్లాల దాకా వెళ్తుంది. అయితే హిమోగ్లోబిన్ రక్తంలో గ్రాముల్లో ఉంటుంది, థైరోగ్లోబ్యులిన్ నానోగ్రాముల్లో ఉంటుంది. అందుకే అక్కడ సులువైనది ఇక్కడ కష్టమైంది.

జవాబు: ఓపీ గది

నేను ఎండోక్రినాలజీ వైద్యుడిని. రోగిని చూడకుండా సలహా ఇవ్వడం నాకు ఇష్టం ఉండదు కనుక కృష్ణాతీరం గారి మూడో ప్రశ్నకు సాధారణంగా వర్తించే సంగతులే చెబుతాను. నిర్ణయం మీ డాక్టరు గారిదే.

మాస్ స్పెక్ట్రోమీటర్‌తో థైరోగ్లోబ్యులిన్ కనిపించిందంటే ఆ సమాచారానికి విలువ ఉంది. యాంటీబాడీలు ఉన్నాయని దాన్ని కొట్టిపారేయనక్కర్లేదు. కనిపించలేదు అన్నప్పుడు మాత్రం దాన్ని పూర్తి భరోసాగా తీసుకోకూడదు. స్కానింగ్‌లో వ్యాధి స్పష్టంగా కనిపిస్తున్న, యాంటీబాడీలు కూడా ఉన్న రోగులను పరిశీలించిన అధ్యయనాల్లో, వారిలో గణనీయమైన భాగానికి ఈ పద్ధతిలో కూడా థైరోగ్లోబ్యులిన్ కనిపించలేదు. దీనికి ఒక కారణం ఆ పద్ధతి సున్నితత్వం. మంచి ఇమ్యునోఅస్సేలు 0.1 నానోగ్రాము వరకు చూడగలిగితే, మాస్ స్పెక్ పద్ధతులు చాలావరకు 0.5 దగ్గరే ఆగిపోతాయి. రెండో కారణం నా దృష్టిలో ఇంకా ముఖ్యమైనది. యాంటీబాడీ అంటుకున్న థైరోగ్లోబ్యులిన్‌ను శరీరం రక్తం నుంచి త్వరగా తొలగిస్తుందని బలంగా అనుమానిస్తున్నారు. అదే నిజమైతే, సూది గుచ్చి రక్తం తీసే సమయానికే ఆ ప్రోటీన్ రక్తంలో లేదు. గొట్టంలో ఉండి కూడా కప్పబడిపోయిన ప్రోటీన్‌ను ట్రిప్సిన్ బయటపెట్టగలదు గానీ, గొట్టంలోకి రానే రాని దాన్ని ఏ యంత్రమూ కొలవలేదు. పైన ఇద్దరు మిత్రులూ కొలతలోని లోపాలను చక్కగా చర్చించారు. ఇది కొలతలో లోపం కాదు కనుక కొలతను ఎంత మెరుగుపరిచినా పోదు.

అందుచేత మేము యాంటీబాడీల అంకెనే ఒక సూచికగా వాడుకుంటాం. గ్రంథి కణజాలం పూర్తిగా పోయాక ఈ యాంటీబాడీలు క్రమంగా తగ్గుతూ పోవాలి. కనుమరుగు కావడానికి సగటున మూడేళ్ల వరకు పట్టవచ్చు, కొందరిలో ఇంకా ఎక్కువ. రేడియో అయోడిన్ ఇచ్చిన కొత్తలో కొద్దిగా పెరిగి తరువాత తగ్గడం కూడా ఉంటుంది. తగ్గుతూ వచ్చినవి మళ్లీ పెరుగుతుంటే, లేనివి కొత్తగా వస్తే, అప్పుడు వెతకడం మొదలుపెట్టాలి. ఒక్కో కంపెనీ కిట్‌కూ ఈ అంకె చాలా తేడాగా వస్తుంది కాబట్టి ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో, ఒకే పద్ధతిలో చేయించడం తప్పనిసరి. ఈసారి ఆఫర్ ఉందని ఒక చోట, మరోసారి ఇంటికి దగ్గరని ఇంకో చోట చేయించి తెచ్చిన కాగితాలను పక్కపక్కన పెట్టి మేము చెప్పగలిగేది ఏమీ ఉండదు. దీనికి తోడు మెడ అల్ట్రాసౌండ్ ఉంటుంది. 2015 నాటి అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ మార్గదర్శకాల్లో 0.2 నానోగ్రాము కంటే తక్కువ ఉంటే మంచి స్పందన అని రాసిన ప్రమాణం యాంటీబాడీలు లేనివారికి ఉద్దేశించినదని గుర్తుంచుకోవాలి.

ఒక ప్రశ్న అడుగుతాను. మీ అక్కగారు జుట్టు రాలకుండా బయోటిన్ మాత్రలు ఏమైనా వాడుతున్నారా? థైరాయిడ్ ఉన్న ఆడవారు చాలామంది డాక్టరుకు చెప్పకుండానే వాడుతుంటారు. కొన్ని ఇమ్యునోఅస్సే యంత్రాలు బయోటిన్, దాన్ని గట్టిగా పట్టుకునే స్ట్రెప్టావిడిన్ అనే ప్రోటీన్ జంట మీదనే నడుస్తాయి. అటువంటి వాటిలో, రక్తంలో బయోటిన్ ఎక్కువగా ఉంటే రెండు యాంటీబాడీల పద్ధతిలో చేసే థైరోగ్లోబ్యులిన్ అబద్ధంగా తగ్గుతుంది, పోటీ పద్ధతిలో (వెలుగు తగ్గేకొద్దీ అంకె పెరిగే పద్ధతి) చేసే యాంటీ థైరోగ్లోబ్యులిన్ అబద్ధంగా పెరుగుతుంది. మీరు రాసిన నివేదిక సరిగ్గా అటువంటి రూపంలోనే ఉంది. అమెరికా ఎఫ్‌డీఏ 2017లో బయోటిన్ వల్ల వచ్చే ఇటువంటి పొరపాట్ల గురించి హెచ్చరిక జారీ చేసింది. సియాటిల్‌కు సీరం పంపే ముందు బాత్రూమ్ అలమారాలో ఏ సీసా ఉందో చూడటం చవక.

కృష్ణాతీరం

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. డాక్టరు గారూ, మీరు అడిగింది నిజమే. అక్క రెండు నెలలుగా 10 మిల్లీగ్రాముల బయోటిన్ మాత్ర రోజూ వేసుకుంటోందట. అది మందు కాదు, విటమినే కదా అని ఎవరికీ చెప్పలేదు. డాక్టరు గారి అనుమతితో వారం రోజులు ఆపి, అదే ల్యాబ్‌లో మళ్లీ పరీక్ష చేయించాం. యాంటీబాడీలు 310 నుంచి 295కు వచ్చాయి, థైరోగ్లోబ్యులిన్ మునుపటి లాగే 0.1 కంటే తక్కువ. అంటే యాంటీబాడీలు నిజంగానే ఉన్నాయి. పాత కాగితాలు వెతికి చూస్తే అంకెలు ఇలా ఉన్నాయి: ఆపరేషన్ అయిన ఆరు నెలలకు 1,150, ఏడాదికి 640, ఏడాదిన్నరకు 420, ఇప్పుడు 295. అదృష్టవశాత్తూ అన్నీ ఒకే ల్యాబ్‌వి. మెడ అల్ట్రాసౌండ్‌లో అనుమానించదగినది ఏదీ లేదని గత నెలలో చెప్పారు.

పిపెట్టు గారికి ఒక సందేహం. యాంటీబాడీల బెడద తప్పించుకోవడానికే ప్రోటీన్‌ను ముక్కలు చేశామన్నారు. తరువాత ఆ ముక్కను బయటకు లాగడానికి మళ్లీ యాంటీబాడీనే వాడామన్నారు. అలాంటప్పుడు మొదటి పరీక్షకూ దీనికీ తేడా ఏమిటి?

జవాబు: పిపెట్టు

మంచి ప్రశ్న, మొదటిసారి విన్నప్పుడు నాకూ ఇదే వచ్చింది. ఇమ్యునోఅస్సేలో యాంటీబాడీ రెండు పనులు చేస్తుంది: పట్టుకుంటుంది, తాను పట్టుకున్నదే థైరోగ్లోబ్యులిన్ అని తీర్పు కూడా చెబుతుంది. మన పద్ధతిలో దానికి మొదటి పని మాత్రమే అప్పగిస్తాం. అది పొరపాటున వేరే పెప్టైడ్‌లను పట్టి తెచ్చినా, కాలమ్ మీద వేరే నిమిషంలో వస్తాయి, బరువు వేరేగా ఉంటుంది, వాటిని యంత్రం పట్టించుకోదు. అది సరిగ్గా పట్టుకోక సగం ముక్కలను వదిలేసినా, బరువైన కవల ముక్కల్లో కూడా సగమే వస్తాయి కాబట్టి నిష్పత్తి చెడదు. ఇక రోగి యాంటీబాడీలు అప్పటికే తునకలై ఉండటంతో దానితో పోటీ పడేవారు లేరు.

ఓపీ గది గారు చెప్పినట్లు, మీ అక్కగారి అంకెలు ఇలా తగ్గుతూ ఉండగా మాస్ స్పెక్ పరీక్ష కోసం వెంటనే పరుగెత్తాల్సిన అవసరం ఉన్నట్లు నాకు అనిపించడం లేదు. ఒకవేళ ముందుముందు యాంటీబాడీలు పెరిగి, డాక్టరు గారు చేయించమంటే, ఒకే రోజు తీసిన రక్తంలోని సీరాన్ని రెండు గొట్టాల్లో పంచి, ఒకటి మామూలు ల్యాబ్‌కు, రెండోది గడ్డకట్టించి మాస్ స్పెక్ ప్రయోగశాలకు పంపమని అడగండి. రెండు పద్ధతుల అంకెలు వేర్వేరు నెలల్లో తీసినవైతే, మధ్యలో మారింది పద్ధతా, వ్యాధా అన్నది ఎవరూ తేల్చలేరు. పంపే ముందు మరో మాట కూడా కనుక్కోండి. వారి పద్ధతి ఎంత తక్కువ దాకా నమ్మకంగా కొలవగలదో అడిగి నివేదిక మీద రాయించుకోండి, ఎందుకంటే "కనిపించలేదు" అన్న మాటకు 0.5 దగ్గర ఒక అర్థం, 0.1 దగ్గర మరో అర్థం ఉంటుంది.